తెల్ల లైట్లకు ఎదురొచ్చిన పాలాయన

కొత్త లైట్లు బాగుంటాయా అవ్వా, నేనూ నా కారుకి వేయించుకోనా అని మొన్న ఫోన్లో అడిగావు కదా అమ్మీ. బాగుంటాయి. లోపల కూర్చున్నవాళ్లకి చాలా బాగుంటాయి. ఇంకా ఏదో చెప్పబోతుంటే మీ తాత ఫోను తీసుకుని ఎన్ని వాట్లు, ఎంత దూరం, ఎంత తెలుపు అని నీకు పాఠం మొదలుపెట్టాడు. నేను పోయి వంకాయలు తరుక్కున్నాను. ఈ రోజు ఆయన మామిడి మండీకి పోయాడు, సాయంత్రానికి గానీ రాడు. నువ్వూ నీ తమ్ముళ్లూ తీరిగ్గా వినండి.

మన కారు సంగతి మీకు తెలిసిందే. ఇంకొకరు వాడుకుని వదిలితే కొన్నది. మొదట్లో లైట్లు బాగానే ఉండేవి. పోనుపోను మసకబారాయి. ఎందుకు మసకబారాయో కారు చుట్టూ ఒక్కసారి తిరిగినా తెలిసిపోతుంది. ముందరి అద్దాలు ఎండకు పచ్చబడ్డాయి. వాటి మీద ప్రతి ఆయుధపూజకీ మీ తాత పసుపూ గంధమూ కలిపి మెత్తుతాడు, నడిమధ్యన కుంకుమబొట్టు పెడతాడు. అది ఎండి, పగిలి, దుమ్ము పట్టి, మళ్లీ ఆయుధపూజ వచ్చేదాకా అట్లాగే ఉంటుంది. ఎవరూ తాకకూడదు. నేనొకసారి తడిగుడ్డ తీసుకుని పోయాను.

"పూజ చేసింది తుడుస్తారామే? బల్బులు పాతబడినాయి, అంతే. మార్పిస్తా," అన్నాడు.

ఆయన లెక్కలో తుడవడం ఆడవాళ్ల పని, మార్చడం మగవాళ్ల పని. మిక్సీ బ్లేడు కింద కొబ్బరి పీచు చుట్టుకున్నా మోటారు మార్చాలంటాడు. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను. ఆయన నాకు స్వయానా మేనమామ, పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను అన్నా తప్పు లేదు. ఇప్పటికీ మామా అనే పిలుస్తాను.

అయినా మార్పిస్తానని అంటూ ఉండేవాడే గానీ మార్పించేవాడు కాదు. మార్పించింది మా అక్క మొగుడి నోరు. చిత్తూరులో ఒక నిశ్చితార్థం భోజనాల దగ్గర ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. అక్క మొగుడు అప్పుడే కొత్త కారు కొన్నాడు.

"నిన్న నీకు ఎదురొచ్చినానప్పా," అన్నాడు ఆయన, పప్పులో నెయ్యి వేయించుకుంటూ. "నీ లైట్లు సూసి ఎవరో ఊదుబత్తి ఎలిగించుకోని వస్తా ఉండారనుకున్నా."

"రోడ్డు తెలిసినోడికి లైట్లెందుకబ్బా," అన్నాడు మీ తాత.

"రోడ్డుకు తెలియాల గదా నువ్వొస్తా ఉండావని."

విస్తళ్ల ముందు కూర్చున్న మగవాళ్లంతా నవ్వారు. మీ తాత కూడా నవ్వాడు. పాయసం మాత్రం తాగలేదు. పెళ్లికూతురు చీర ఏ రంగో ఆ రోజు ఒక్క మగవాడికీ తెలియదు. చేతులు కడుక్కున్నాక అందరూ పోయి ఆ కొత్త కారు ముందరి భాగం చూసి వచ్చారు. మిట్టమధ్యాహ్నం, లైట్లు వేసి మరీ చూశారు.

ఆ వారంలోనే తిరుపతి ప్రయాణం. చిల్లుపడిన ఇత్తడి చెంబుకి మాటు పెట్టించుకోవాలని నేనూ ఎక్కాను. బస్టాండుకి అవతల కారు సామాన్ల అంగళ్లు వరసగా ఉంటాయి, వాటిలో ఒక దాంట్లోకి మీ తాత దిగాడు. అంగడి అబ్బి పాత బల్బులు పీకి చెత్తలోకి విసిరేశాడు. పెట్టెలోంచి కొత్తవి తీశాడు, వాటికి వెనకాల చిన్న ఫ్యాను కూడా ఉంది. బిగించాక షట్టరు సగం కిందికి లాగి చీకటి చేశాడు. మీ తాత, ఆ అబ్బి, ఇంకెవరో ఇద్దరు, అందరూ కారు వెనక్కి పోయి నిలబడ్డారు. ముందర గోడ ఉంది. లైటు వేయగానే గోడ సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"ఎట్లుండాది సార్?"

"పగలు మాదిరి ఉండాదబ్బా," అన్నాడు మీ తాత. ముఖం చూడాలి, బిడ్డ పుట్టిందని కబురు విన్నప్పుడు కూడా అంత వెలగలేదు.

నేను పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. నాకు ఒకటే అనుమానం వచ్చింది. "ఎదురుగా వచ్చేవాళ్లకు ఎట్లుంటాది నాయనా?" అని అడిగాను.

"ఎదురుగా వచ్చేవాళ్లు జరుక్కుంటారమ్మా," అన్నాడు ఆ అబ్బి.

మీ తాత నవ్వాడు. అంగట్లో అందరూ నవ్వారు. ఆ అంగట్లో రోజూ ఎన్ని కార్లకు లైట్లు వేస్తారో నాకు తెలియదు గానీ, ఒక్కడు కూడా కారు ముందుకు పోయి నిలబడడని మాత్రం తెలిసింది. వాళ్ల లోకంలో కారుకి ఎదురుగా ఉండేది గోడ. గోడకు కళ్లు లేవు కాబట్టి అది ఏమీ అనలేదు.

తిరుగు ప్రయాణంలో పొద్దు గూట్లో పడింది. పూతలపట్టు దాటేదాకా మీ తాత స్టీరింగు మీద తాళం వేస్తూనే ఉన్నాడు. "రోడ్డు మీద సీమ పాకితే కనపడతా ఉండాది సూడు," అంటాడు. నాకు చీమలు కనిపించలేదు. ఎదురుగా వచ్చే స్కూటర్ల వాళ్లు ముఖాలు పక్కకు తిప్పుకోవడం కనిపించింది. ఒక బస్సు డ్రైవరు తన లైట్లు ఆర్పి వెలిగించి, ఆర్పి వెలిగించి పోయాడు.

"సూసినావా, మన లైట్లు సూసి పలకరిస్తా ఉండాడు," అన్నాడు.

తిడుతున్నాడో పలకరిస్తున్నాడో తెలియని మనిషికి ఏం చెబుతాం.

ఇంక పాలాయన సంగతి. మన పక్క పల్లె మనిషి. మోపెడుకి ఇటూ అటూ పాలక్యాన్లు కట్టుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నాలుగు పల్లెల పాలు పోయించుకుని మెయిన్ రోడ్డు మీది పాలసెంటరుకి చేర్చేవాడు. మీరు సెలవులకు వచ్చినప్పుడు హారను కొట్టి మిమ్మల్ని నిద్ర లేపేది ఆయనే. వయసులో ఉన్నప్పుడు కల్లు బాగా తాగేవాడు. కూతురు పుట్టాక మానేశాడు. ఆయన మానేశాడు గానీ ఊరు మరచిపోలేదు. ఎండకు సొమ్మసిల్లి కూర్చున్నా పక్కనుంచి ఎవరో ఒకరు ముక్కు ఎగబీల్చి చూసి పోయేవాళ్లు.

లైట్లు వేయించాక కొన్నాళ్లకి, మీ తాత మా చెల్లెలిని రైలెక్కించడానికి రేణిగుంట పోయి ఒక్కడే తిరిగి వస్తున్నాడు. దీపాలు పెట్టే వేళ. మన ఊరి రోడ్డులో కాలవ మీద మోరీ ఉంది కదా, గోడ కూలిపోయిన చోటు, అక్కడ పాలాయన ఎదురొచ్చాడు. కారు ఆయన్ని తగల్లేదు. ఆయనే బండితో సహా రోడ్డు దిగి మోరీలోకి పడిపోయాడు. తొడ ఎముక విరిగింది. నాలుగు పల్లెల పాలు కాలవ పాలయ్యాయి.

మీ తాత కారు ఆపాడు. దిగి, ఫోన్ చేసి, ఆంబులెన్సు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. అది చేశాడు, చేయలేదనను. కానీ గుమిగూడిన జనం ఏమైందని అడిగితే ఆయన చెప్పిన మొదటి మాట ఇది:

"నన్నడిగితే నేనేం జెప్పేది? సుక్క ఏసుకుంటాడు, అందరికీ తెలిసిందే గదా."

ఆంబులెన్సు చిత్తూరు చేరేలోపల ఆ మాట పాలసెంటరుకి చేరింది. ఆసుపత్రిలో ఆయన ఎముక చూశారే గానీ తాగాడా లేదా అని ఎవరూ చూడలేదు. చూసి ఉంటే ఈ కథే లేదు. మూడో నాటికి సెంటరు నడిపే ఆయన పాలాయన భార్యని పిలిచి, తాగి బండి తోలే మనిషి చేతికి పాలు ఇవ్వం, కాలు బాగయినా వద్దు, ఆ పని వేరే వాళ్లకిస్తాం అని చెప్పాడు.

ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది. వాకిట్లోనే నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, ఆయప్ప ముట్టుకోలేదు. నా బిడ్డ మీద ఒట్టు. ఎదురుగా తెల్లంగా వచ్చిందంట, కండ్లు మూతలు పడిపోయినాయంట. మోరీ యాడుండాదో, రోడ్డు యాడుండాదో తెలీలేదంట. కాలు పోతే పోనీ, అతుక్కుంటాది. తాగుబోతనే మాట అతుక్కుంటే ఊడదక్కా. నాకు పెండ్లి కావాల్సిన కూతురుండాది, ఆ క్యాన్లతోనే మా పొయ్యి ఎలగాల."

మీ తాత లోపలి నుంచి అంతా విన్నాడు. బయటికి వచ్చి, "నేను హై బీమ్ ఎయ్యలేదుమ్మా. డిమ్‌లోనే వచ్చినా. యాడైనా ప్రమాణం జేస్తా," అన్నాడు.

యాడైనా ఎందుకు, మాకు ఉన్నది ఒకటే చోటు. తలస్నానం చేసి తడిబట్టలతో కాణిపాకం వినాయకుడి ముందు నిలబడి చెప్పిన మాట అబద్ధమైతే వాడు బాగుపడడని మా పక్క నమ్మకం. కోర్టులో చెప్పిన మాట మీద సందేహపడతారు గానీ ఆ మాట మీద పడరు. ఊరి పెద్దాయన కూడా అదే అన్నాడు. ఇద్దరూ పోండి, వాడు తాగలేదని వాడు చెప్పనీ, నువ్వు హై బీమ్ వేయలేదని నువ్వు చెప్పు, ఎవరో ఒకరు వెనక్కి తగ్గుతారు, తెలిసిపోతుంది అన్నాడు.

కాలికి కట్టు ఉండగానే పాలాయన ఆటోలో వచ్చాడు. కట్టు తడవకుండా ప్లాస్టిక్ సంచి చుట్టి, భార్య తల మీద నీళ్లు పోసింది. చంకలో కర్రలతో, వణుకుతూ నిలబడి చెప్పాడు. "ఆ పొద్దు నేను సుక్క ముట్టుకోలేదు సామీ."

తర్వాత మీ తాత. నీళ్లు పోసుకుని, పంచె పిండుకుని, గొంతు సవరించుకుని చెప్పాడు. "ఆ పొద్దు నేను హై బీమ్ ఎయ్యలేదు. డిమ్‌లోనే వచ్చినాను సామీ."

ఎవరూ తగ్గలేదు. పెద్దాయన ఇటు చూశాడు, అటు చూశాడు. ఇంతమంది పనులు మానుకుని వచ్చి ఇట్లా అవుతుందని అనుకోలేదు పాపం. చివరికి, "ఇద్దురూ నిజమే జెప్పినారు. అంటే ఎవురి తప్పూ లేదు. దేవుడే సూసుకుంటాడు," అని తేల్చాడు. తేల్చి, ప్రసాదం తిని, మన కారులోనే వెనక సీట్లో కూర్చుని ఊరికి వచ్చాడు. పాలాయన దంపతులు ఆటో కోసం నిలబడి ఉన్నారు. వాళ్లని ఎక్కించుకుందామంటే కాలు చాపుకోవడానికి చోటు చాలదన్నాడు మీ తాత. పెద్దాయన పక్కన పెట్టుకున్న టెంకాయల సంచికి మాత్రం చోటుంది.

ఎవరి తప్పూ లేకపోతే పాలాయన పని పాలాయనకి రావాలి కదా. రాలేదు. సెంటరాయన కొత్త మాట అందుకున్నాడు. తాగలేదు సరే, ఎదురు కారు డిమ్‌లో ఉన్నప్పుడు కూడా పడ్డాడంటే వీడికి బండి తోలడం చేతకాదన్నమాట, అన్నాడు. మీ తాత ప్రమాణం అట్లా పనికొచ్చింది.

మీ తాత అబద్ధం చెప్పడు. అదే ఆయనతో చిక్కు. అబద్ధం చెప్పేవాడైతే ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాడు. డిమ్‌లోనే వచ్చానన్నాడంటే డిమ్‌లోనే వచ్చి ఉంటాడు. మరి ఆయప్పకి కళ్లు మూతలు పడడమేంటి? అది తెలుసుకోవాలనిపించింది నాకు.

సెంటరాయన మాట విన్న మర్నాడు పొద్దు వాలాక, "మామా, కారు వాకిట్లో పెట్టి డిమ్ ఎయ్యి. నేను గేటు కాడ నుంచి వస్తా," అన్నాను.

ఇన్నాళ్లకి నాకు తన లైట్లు చూడబుద్ధయిందని మురిసిపోయాడు. "రా, రా, సూడు," అన్నాడు.

చేతిలో బకెట్టుతో గేటు దగ్గర నుంచి బయలుదేరాను. నలభై ఏళ్లకు పైగా ముగ్గు వేసిన వాకిలి నాది. ఆ లైటు వెలిగిందో లేదో వాకిలి లేదు. చెట్టు లేదు, మెట్టు లేదు, అంతా తెలుపే. నేను అనుకోకుండానే నా చెయ్యి లేచి కళ్లకు అడ్డం వచ్చింది. కాలు తులసికోటకు కొట్టుకుంది, బకెట్టు పడిపోయింది.

"డిమ్‌లోనే ఉండాదా?" అని అడిగాను.

"డిమ్‌లోనే."

"హై ఎయ్యి."

వేశాడు. ఎదురుగా ఉన్న నాకు రెండింటికీ తేడా తెలియలేదు.

ఎందుకట్లా అన్నది తర్వాత మీ నాయన చెబితే అర్థమైంది. లైటు వెనకాల ఉండే మెరుపు గిన్నె పాత బల్బుకి కొలతగా చేసింది. డిమ్ వేస్తే వెలుగు కిందికి పడాలని ఆ గిన్నెలో వంపులు పెడతారు. ఇంకో రకం బల్బు తెచ్చి దాంట్లో దూరిస్తే వెలుగు పైకీ పక్కలకీ చిమ్ముతుంది. అప్పుడు డిమ్ అనేది స్విచ్చికే గానీ వెలుగుకి కాదు. నువ్వు అడిగినదానికి కూడా ఇదే నా జవాబు అమ్మీ. ముందు అద్దాలు పాలిష్ పట్టించు, లైటు ఎత్తు సరి చేయించు, నీ కారుకి రాసిపెట్టిన బల్బే కొత్తది వేయించు. అప్పటికీ చాలకపోతే మెల్లగా పో. ఏం చేయించినా, డబ్బులిచ్చే ముందు కారు దిగి ముందుకు పోయి నిలబడు. ఆ ఒక్క పని మీ తాత ఇప్పటిదాకా చేయలేదు. నేను రమ్మంటే, "నా లైట్లు నాకు తెలియవా," అన్నాడు.

తులసికోటకు తగిలిన వేలు వాచి ఉండగానే నేను పాలసెంటరుకి పోయాను. చూసింది చూసినట్టు చెప్పాను. సెంటరాయన కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, ఓపిగ్గా విన్నాడు.

"నువ్వు జెప్పేది నిజమే అయ్యుంటాదమ్మా," అన్నాడు. "కానీ కాణిపాకంలో ప్రమాణం జేసింది నీ ఇంటాయన. నీ మాట పట్టుకోని ఆయన మాట తీసేస్తే ఊరు నన్ను బతకనిస్తాదా? ఆయన్నొచ్చి ఒక్క మాట జెప్పమను. నా లైటు వాడి కండ్లల్లో పడింది, నేను సూసినా అని. రేపు పొద్దున్నే క్యాన్లు ఆ ఇంటికి పంపిస్తా."

ఒక్క మాట. ఆ మాట మోసుకుని ఇంటికి వచ్చాను. మీ తాత సంగటి తింటున్నాడు. శెనగ్గింజల ఊరిబిండి పచ్చడి వడ్డిస్తూ సెంటరాయన అన్నది చెప్పాను.

"నేను సూసిందే జెప్తా. సూడనిది జెప్పను," అన్నాడు.

"ఏం సూసినావు మామా?"

"వాడు ఒంటి చేత్తో బండి తోలతా వచ్చినాడు. రెండు పక్కలా నిండు క్యాన్లు, ఒక చెయ్యి హ్యాండిల్ మీద. బుద్ధుండేవాడు ఎవడైనా అట్ల తోలతాడా? అందుకే తాగినాడనుకున్నా."

"అంత బాగా కనపడినాడా?"

"ఏం మాట్లాడతా ఉండావు? నా లైట్లలో కనపడకుండా పోతాడా? సొక్కా గుండీలు కూడా కనపడినాయి."

ఆయన గొంతులో ఇంకా గర్వమే. నేను గిన్నె కింద పెట్టాను. ముందు రోజు సాయంత్రం వాకిట్లో నా చెయ్యి ఎక్కడికి లేచిందో ఆయన కూడా చూశాడు. అందుకే ఒక్క ప్రశ్న మెల్లగానే అడిగాను. నేను ఎప్పుడూ గట్టిగా అడగను, మీకు తెలుసు.

ఆయన సంగటి ముద్ద పళ్లెంలోనే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. కరెంటు బిల్లు కట్టిన రశీదు ఎక్కడ పెట్టావని అడిగాడు. బీరువాలో ఉందని చెప్పాను. బీరువా దగ్గరికి పోయాడు.

ఇప్పుడు పాలు వేరే ఆయన తీసుకుపోతున్నాడు. పాలాయన కుంటుకుంటూ నడుస్తున్నాడు, జ్యూస్ ఫ్యాక్టరీలో మామిడికాయలు ఏరే పనికి భార్య పోతోంది. మీ తాత కారెక్కినప్పుడల్లా అద్దంలో తల దువ్వుకుంటాడు, అక్క మొగుడు కూడా ఇవే లైట్లు వేయించుకున్నాడని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. సెంటరుకి పోయి ఆయన అడిగిన ఆ ఒక్క మాట చెప్పడానికి మాత్రం కాలు రాలేదు. నేను అడుగుతూనే ఉన్నాను, కాఫీ ఇచ్చేటప్పుడు, మందులు ఇచ్చేటప్పుడు, కారులో పక్కన కూర్చున్నప్పుడు. టీవీ సౌండు పెంచుతాడు, ఎండ ఎక్కువగా ఉందంటాడు, తనకు చెవుడు వస్తోందంటాడు. అడిగేది పెద్ద ప్రశ్న కూడా కాదు. సొక్కా గుండీలు కూడా కనపడినాయన్నావే మామా, ఆయప్ప రెండో చెయ్యి యాడుండె?